అంకెల్లేని ఆదివారం

ఎబెనెజర్ కాలేజీ భోజనశాలలో గరిటె పట్టిన మొదటి రోజు నుంచీ మార్లిస్ జిల్‌స్ట్రా ఊళ్ళో అందరికీ ఒకే మాట చెప్పింది. "మా ఫెమ్కె కోసం" అని. అప్పటికి ఫెమ్కెకి నాలుగేళ్ళు. ఆ కాలేజీలో పనిచేసేవాళ్ళ పిల్లలకి చదువు ఉచితం. ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చున్నవాడికైనా, వంటింట్లో ఉల్లిపాయలు తరిగే మనిషికైనా అదే నియమం. అయొవా రాష్ట్రంలో మొక్కజొన్న చేల మధ్య బతికే మా వాళ్ళకి ఆమెన్ తర్వాత అంత ఇష్టమైన మాట 'ఉచితం'. బిడ్డకి పాలపళ్ళు ఊడకముందే కాలేజీ చదువు ఖాయం చేసిన తల్లి అని చర్చి మెట్ల మీద మార్లిస్‌ని అందరూ తెగ మెచ్చుకున్నారు.

ఇప్పుడు ఫెమ్కెకి పద్దెనిమిది. ఏప్రిల్ ఆఖరి వారం. మే ఒకటికల్లా ఏదో ఒక కాలేజీకి సరేనని చెప్పి అడ్వాన్సు కట్టాలి. ఆ పిల్ల చూడబోతే బెరాకా కాలేజీ తప్ప ఇంకో మాట ఎత్తడం లేదు.

బెరాకా పన్నెండు మైళ్ళ దూరం. అక్కడా ఇదే మొక్కజొన్న, ఇదే గాలి, ఇదే పందుల ఫారాల కంపు, ఇదే దేవుడు. మా తాతల తాతలు హాలండ్ నుంచి ఒకే ఓడలో వచ్చి, ఇక్కడ కుదురుకున్నాక చర్చిలో ఏ పాటలు పాడాలన్న దాని మీద తగువుపడి రెండు చర్చిలయ్యారు. రెండు చర్చిలన్నాక రెండు కాలేజీలు ఉండాలి కదా. ఆ పాటలేమిటో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. బాస్కెట్‌బాల్ పోటీ వచ్చిందంటే మాత్రం ఇరువైపులా పెద్దమనుషులు పూనకం వచ్చినవాళ్ళలా అరుచుకుంటారు. మార్లిస్ ఎబెనెజర్ చర్చి పిల్ల, ఆమె భర్త వెర్లిన్ బెరాకా చర్చి పిల్లాడు. వాళ్ళ పెళ్ళిలో ముసలివాళ్ళంతా చావింట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. చివరికి పొద్దుటి ఆరాధన ఆమె చర్చిలో, సాయంత్రం ఆరాధన అతని చర్చిలో అని రాజీ కుదుర్చుకుని సంసారం నెట్టుకొస్తున్నారు.

గురువారం సాయంత్రం భోజనాలయ్యాక వెర్లిన్ చెవి మీద పెన్సిల్ తీశాడు. అతను పశువుల దాణా లారీ తోలుతాడు. ఏ లెక్కయినా దాణా సంచి మీదే వేస్తాడు.

"చూడండి. ఎబెనెజర్, ఫీజు సున్నా. తిండీ పడకా ఇంట్లోనే. నాలుగేళ్ళకి అప్పు సున్నా. బెరాకా, వాళ్ళిచ్చే సాయం పోగా ఏడాదికి పదకొండు వేల డాలర్లు. నాలుగేళ్ళకి వేసుకుంటే నా లారీ కంటే ఎక్కువ."

"నీ లారీ పాతది కదా నాన్నా," అంది ఫెమ్కె.

"పాతదైనా తిండి పెడుతోందా లేదా?"

"నేనూ పెడతాలే. బెరాకాలో నర్సింగ్ అయినవాళ్ళు ఒక్కళ్ళయినా ఖాళీగా ఉన్నారేమో చూపించు. ఆఖరి ఏడాదిలోనే సూ ఫాల్స్ పట్నం ఆస్పత్రుల వాళ్ళొచ్చి పట్టుకుపోతున్నారు. అప్పు నేనే తీర్చుకుంటా. ఎబెనెజర్‌లో అసలు నర్సింగే లేదు. అక్కడికెళ్ళి ఏం చదవమంటావ్? టీచర్ చదువా? చరిత్రా? నాకు పిల్లలంటే చిరాకు. చచ్చిపోయిన రాజులంటే ఇంకా చిరాకు."

మార్లిస్ అటు తిరిగి గిన్నెలు తోముతోంది. "పిల్లలంటేనే చిరాకుపడేది రోగుల్నేం చూస్తుందిట?" అంది గిన్నెతోనే మాట్లాడుతున్నట్టు.

"ముసలివాళ్ళంటే ఇష్టం నాకు. వాళ్ళ గోళ్ళు తియ్యడం కూడా ఇష్టమే." శనివారాలు చర్చివాళ్ళ వృద్ధాశ్రమంలో పనికి వెళ్తుంది ఫెమ్కె.

మార్లిస్ గిన్నె వదిలేసి ఇటు తిరిగింది. చేతుల నుంచి నురగ కారుతోంది. "చీకటితో లేచి, జుట్టుకి ఆ వల తగిలించుకుని, ఊళ్ళోవాళ్ళ పిల్లలకి గుడ్లు వేయించానే ఇన్నేళ్ళూ. ఎవరి కోసమే? ఎవరి కోసం?"

"నేనడిగానా? నాలుగేళ్ళ దాన్ని నేను! నన్నెవరైనా అడిగారా?"

మార్లిస్ కొళాయి ఇంకా పెద్దగా తిప్పింది.

"లెక్క ప్రకారం చూస్తే..." అని మొదలుపెట్టాడు వెర్లిన్.

"నువ్వూరుకో!" అన్నారు తల్లీ కూతుళ్ళు ఒక్కసారే. ఆ సాయంత్రం వాళ్ళిద్దరికీ కుదిరింది ఆ ఒక్క మాటే.

ఫెమ్కె తలుపు ధడాలున వేసుకుంది. మార్లిస్ మెట్ల కింద అర తెరిచి, అవసరం లేకపోయినా దుప్పట్లు సర్దడం మొదలుపెట్టింది. ఆ దుప్పట్లు ఉండేది ఒక నీలం పెట్టెలో. ఆ పెట్టె ఆమె తన పద్దెనిమిదో ఏట కొనుక్కున్నది. ఆ ఏడు ఆమెకి ఎబెనెజర్‌లో సీటు వచ్చింది. ఆ వేసవిలోనే పంట ధరా భూమి ధరా కలిసి పాతాళానికి పోయాయి. అప్పులు తీర్చలేని రైతుల పొలాలు చుట్టుపక్కల వరసగా వేలానికి వచ్చాయి. ఆగస్టులో వాళ్ళ వంతు. వేలం పాట పాడేవాడు గుక్క తిప్పుకోకుండా అరుస్తుంటే, ఆదివారం పక్క బెంచీలో కూర్చునే మనుషులే టోపీలు కళ్ళ మీదికి లాక్కుని ఆమె తండ్రి నాగళ్ళు కొనుక్కుపోయారు. కాలేజీకి వెళ్ళొద్దని ఆమెతో ఎవరూ అనలేదు. అసలా మాటే ఎవరూ ఎత్తలేదు. సెప్టెంబరులో ఆమె గుడ్లు ప్యాక్ చేసే షెడ్డులో చేరింది, పెట్టెలోకి దుప్పట్లు చేరాయి.

ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా చెప్పుకుని ఏడవలేదు. మా వాళ్ళలో అలా ఏడిచే అలవాటు లేదు. కానీ ఎబెనెజర్ గేటు దాటి లోపలికి వెళ్ళే ప్రతి ఉదయం ఆమెకి గుండెలో ఏదో కలుక్కుమనేది. ఆ నొప్పికి ఫెమ్కె అని పేరు పెట్టుకుంది. నా కూతురు ఇక్కడ చదువుతుంది అనుకుంటే నొప్పి కాస్త సర్దుకునేది.

ఆదివారం పొద్దున చర్చిలో ముగ్గురూ ఎప్పటి చోటే కూర్చున్నారు. పాస్టరు వాక్యం చదివి, కళ్ళద్దాలు సర్దుకుని, గొంతు సవరించుకోగానే చర్చంతా చేతిసంచులు తెరిచిన చప్పుడు. పిప్పరమెంటు వేళ అది. ప్రసంగం మొదలయ్యేటప్పుడు తల్లి బెంచీ వెంబడి తెల్లటి పిప్పరమెంటు బిళ్ళలు అందించడం, పిల్లలు చూపు పాస్టరు మీంచి తిప్పకుండా అందుకుని నోట్లో వేసుకోవడం మాకు బాప్తిస్మంతో పాటు వచ్చిన అలవాటు. ఇంట్లో ఎంత రగడ జరిగినా ఆ బిళ్ళ మాత్రం ఆగదు. మార్లిస్ అరచేయి చాపింది. ఫెమ్కె బిళ్ళ తీసుకుంది. తీసుకుని, నోట్లో వేసుకోకుండా, పక్కనున్న తండ్రి చేతిలో పెట్టేసింది.

వెర్లిన్‌కి ఆ రోజు రెండు బిళ్ళలు దక్కాయి. మార్లిస్‌కి ప్రసంగంలో ఒక్క ముక్క చెవికెక్కలేదు.

మధ్యాహ్నం భోజనం ఎప్పట్లాగే వెర్లిన్ తల్లి ఇంట్లో. ఆవిడ పేరు టెట్యె. మా పాత భాషలో నాయనమ్మని బెప్పె అంటాం కాబట్టి ఊరంతటికీ ఆవిడ బెప్పె. ఎనభై దాటిన మనిషి. చిన్న చిన్న మాంసం ఉండలు వేసిన సూపు, హామ్ పెట్టిన బన్నులు, ఆ తర్వాత కాఫీ, బాదం ముద్ద కూరిన రొట్టె. అన్నిటికీ మించి ఆవిడకో నియమం ఉంది. ఆదివారం ఆవిడ బల్ల దగ్గర అంకెలు నిషేధం. ధరలు, జీతాలు, వానెంత పడింది, ఆటలో ఎవరెన్ని కొట్టారు, ఏవీ కుదరవు. బైబిల్లో అధ్యాయాలకీ వచనాలకీ మాత్రం మినహాయింపు. అంకెలు సోమవారం సరుకు అంటుంది ఆవిడ. చిన్నప్పుడు పందిపిల్లల ధర చెప్పినందుకు వెర్లిన్ వీపు మోగింది.

"ఏంటర్రా ఆ మొహాలు? సూపులో ఉప్పెక్కువైందా?" అంది బెప్పె.

"కాలేజీ, బెప్పె," అంది ఫెమ్కె.

"ఊఁ. విన్నాలే. చర్చిలో చెప్పుకుంటున్నారు. చెప్పండి మరి, నేనూ వింటా. అంకె ఎత్తినవాళ్ళకి మాత్రం కాఫీ లేదు."

వెర్లిన్ చెయ్యి అలవాటుగా చెవి మీదికి వెళ్ళింది. ఆదివారం అక్కడ పెన్సిల్ ఉండదు. "అంకెల్లేకుండా కాలేజీ గురించి ఏం చెప్తామమ్మా? ఫీజు చూస్తే..."

"వెర్లిన్!"

"సరే సరే. ఈ కాలేజీ చవక. ఆ కాలేజీ కాదు. అయిపోయింది. నా దగ్గరింకేం లేదు." అతను బన్ను మీద దృష్టి పెట్టాడు.

"నువ్వు చెప్పవే," అంది బెప్పె మనవరాలితో. "ఉద్యోగాలూ జీతాలూ నాకొద్దు. నీకేం కావాలో చెప్పు."

ఫెమ్కె చెంచా పక్కన పెట్టింది. "ఆశ్రమంలో ఒక తాత ఉన్నాడు బెప్పె. మాట పడిపోయింది. ఎప్పుడు చూసినా దుప్పట్లోంచి కాళ్ళు బయటపెడతాడు. ఉక్కపోస్తోందేమో అని కొందరు కిటికీ తీస్తారు, చలేస్తుందని కొందరు మళ్ళీ కప్పేస్తారు. నేనోసారి కూర్చుని ఆయన కళ్ళలోకే చూశా. మేజోళ్ళు తడిసిపోయాయి, అదీ సంగతి. మార్చాను. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. బళ్ళో ఇన్నేళ్ళు కూర్చున్నా కదా, నాకంత బాగా ఏదీ అర్థం కాలేదు. అలాంటివి అర్థం చేసుకోవడం నేర్పించే చోటికి పోతానంటున్నా. అంతే."

బెప్పె తల ఊపింది. తర్వాత కోడలి వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మాయ్. ఎబెనెజర్‌లో ఏముంది? ఉచితం అనేవు, అదీ అంకే."

మార్లిస్ దగ్గరున్న ఒకే ఒక్క మాటని ముసలావిడ ముందే లాగేసుకుంది. మార్లిస్ కిటికీ వైపు చూసింది. కిటికీ అవతల ఇంకా విత్తనం పడని పొలం నల్లగా ఉంది.

"భోజనశాల పైన ఒక క్లాసు గది ఉంది," అంది నెమ్మదిగా. "పొద్దున ఆ గదికి కాఫీ పట్టుకెళ్ళి పొయ్యాలి. నేను చేరిన కొత్తలో ఓ రోజు వెళ్ళేసరికి మాస్టారు సంచి విప్పి బల్ల మీద మట్టి పోశారు. మన మట్టే, నల్లమట్టి. ఇదెలా వచ్చిందో తెలుసా అనడిగారు. ఆ పిల్లలంతా రైతుల పిల్లలే, ఒక్కళ్ళకీ తెలీదు. ఒకప్పుడు ఇక్కడంతా మంచుగడ్డలేనట. అవి కరిగి వెనక్కి పోయాక గాలి దుమ్ము తెచ్చి పోసిందట. దాని మీద గడ్డి మొలిచి, చచ్చి, మళ్ళీ మొలిచి, మళ్ళీ చచ్చి, అలా ఎన్ని వేల ఏళ్ళో..."

"అంకె," అన్నాడు వెర్లిన్ గొంతు తగ్గించి. బెప్పె కళ్ళతోనే అతని నోరు మూయించింది.

"మా నాన్న ఆ మట్టి కోసం ఏడ్చాడు," అంది మార్లిస్. "వేలం అయిపోయాక గుప్పెడు తీసి జేబులో వేసుకున్నాడు. అదెక్కడి నుంచి వచ్చిందో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. కెటిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయా. ఎవరో కప్పు చాపితే ఈ లోకంలోకి వచ్చా. ఏటా కాలేజీ తెరిచిన మొదటి రోజు ఆ పాఠమే చెప్తారాయన. ఆ రోజు పైకి కాఫీ నేనే తీసుకెళ్తా, వేరే ఎవర్నీ పోనివ్వను. ఒక్కో కప్పూ నెమ్మదిగా పోస్తా. ఎంత నెమ్మదిగా పోసినా నిండిపోతాయి. కప్పులు నిండాక ఇక అక్కడ నాకేం పని? కిందికొచ్చేస్తా. మిగతా పాఠం ఏంటో ఇప్పటికీ తెలీదు. మంచు ఎందుకు కరిగింది, ఆ గడ్డి ఏమైంది... చివరి వరసలో కిటికీ పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. వెళ్ళినప్పుడల్లా దాని వంక చూస్తా. అక్కణ్ణించి చూస్తే..."

హఠాత్తుగా ఆగిపోయింది. అంతసేపు మాట్లాడినట్టు అప్పుడు తెలిసొచ్చి చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మా," అంది ఫెమ్కె. గొంతులో కోపం లేదు. "ఆ కుర్చీలో నన్ను కూర్చోబెడదామనుకున్నావా?"

"అవును."

"ఇప్పుడు నువ్వు చెప్పినదాంట్లో నేనెక్కడా లేను కదమ్మా."

మార్లిస్ బల్ల మీద పడిన రొట్టె పొడిని వేలితో ఒక దగ్గరికి పోగు చేసింది.

"ఒరే వెర్లిన్," అంది బెప్పె. "ఆ కాలేజీలో ఆ... ఆ సోమవారం మాట పనివాళ్ళ పిల్లలకేనా?"

"ఆ చదువు పనివాళ్ళకీ ఉందమ్మా. తోటపని చేసే ఆయన స్పానిష్ నేర్చుకున్నాడుగా."

"నీకు తెలుసా అమ్మాయ్ ఆ సంగతి?"

"తెలుసు. చేరిన రోజే చెప్పారు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు వెళ్ళలేదే?"

మార్లిస్ వెతుక్కుంది. పని వేళలు కుదరవని చెప్పొచ్చు, ఇంటి పని అనొచ్చు, పిల్ల చిన్నది అనొచ్చు. అన్నీ నాలుక చివరికొచ్చాయి, ఏదీ నిజం కాదు.

"ఎవరూ అడగలేదు," అంది.

ఆ మాట ఆమె చెవికే కొత్తగా తగిలింది. ఎవరూ అంటే తండ్రి, తల్లి, మొగుడు మాత్రమే కాదు. తనూ అడగలేదు. రోజూ ఆ మెట్లెక్కి దిగుతూ, ఒక్కసారైనా తనని తాను అడగలేదు. ఏటా కాలేజీ కాగితాలు వచ్చినప్పుడు కూతురి పేరున్న వరస చదివి మడిచి పెట్టేసింది. ఆ పైనే తన పేరూ ఉండేది.

వెర్లిన్ బన్ను తినడం మానేశాడు. ఇరవై ఏళ్ళ సంసారంలో నీలం పెట్టె ఎప్పుడు కొన్నావని ఒక్కసారీ అడగని మగాడు, భార్య మొహం వంక చూడలేక బల్లమీది గుడ్డ అంచు చూస్తూ కూర్చున్నాడు.

"నేనడుగుతున్నా," అంది బెప్పె. "నువ్వెళ్తావా?"

"ఏంటి అత్తయ్యా మీరు మరీనూ! నాకు నలభై రెండేళ్ళు!"

"అంకె!" అంది బెప్పె.

"ఈమెకి కాఫీ లేదు! కాఫీ లేదు!" అని బల్ల మీద చరిచాడు వెర్లిన్. ముందు ఫెమ్కె నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. మార్లిస్ కూడా నవ్వింది, కానీ కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఏడుపంటే పడని ఆ ఇంట్లో ఎవరూ ఆమెని ఊరుకోమనలేదు. బెప్పె తన కప్పు ఆమె ముందుకి జరిపింది.

సాయంత్రం బెరాకా చర్చిలో పాస్టరు గొంతు సవరించుకున్నప్పుడు మార్లిస్ భయం భయంగా అరచేయి చాపింది. ఫెమ్కె చూపు తిప్పకుండా బిళ్ళ అందుకుని నోట్లో వేసుకుంది.

సోమవారం బెరాకాకి చెక్కు మార్లిస్సే రాసింది. అప్పు అప్పే. అంకెలు సోమవారం మళ్ళీ వచ్చి బల్ల ఎక్కి కూర్చున్నాయి. వెర్లిన్ శనివారాలు కూడా లారీ తోలతానన్నాడు. ఫెమ్కె తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది.

ఆగస్టులో నీలం పెట్టెలోంచి దుప్పట్లు బయటికి వచ్చాయి. పెట్టె బెరాకాకి వెళ్ళింది. పన్నెండు మైళ్ళే కదా, కావాలంటే ప్రతి ఆదివారం వస్తుంది కదా అని ఊరంతా ఓదార్చింది. పన్నెండు మైళ్ళయినా పక్క గదిలో మంచం ఖాళీయే. పెట్టె ఎట్టకేలకు కాలేజీ గడప తొక్కింది అనుకుంటే మార్లిస్‌కి సంతోషమే.

ఈ ఏడు కాలేజీ కాగితాలు వచ్చినప్పుడు మార్లిస్ తన పేరున్న వరస మీదే సంతకం పెట్టింది. ఎబెనెజర్ తెరిచిన రోజు ఉదయం ఫలహారాల గిన్నెలు సర్దేసి, జుట్టు వల తీసి గౌను జేబులో కుక్కుకుని, మెట్లెక్కింది. నుదుటి మీద వల అంచు గీత ఇంకా పోలేదు. గుమ్మంలో కనబడగానే ముందు వరస కుర్రాడొకడు మర్యాదగా బల్ల మీద జాగా చేశాడు, కెటిల్ పెట్టుకోవడానికి. ఆమె చేతిలో కెటిల్ లేదు. సిగ్గుతో వెనక్కి పోదామా అనిపించింది. కాళ్ళు మాత్రం ఎప్పుడో అనుకున్నట్టే చివరి వరసకి నడిచాయి. కిటికీ పక్క కుర్చీ ఖాళీగానే ఉంది. కూర్చుంటే పొలాలు కనబడ్డాయి. వాటిలో దూరంగా ఒకటి, ఇప్పుడు ఇంకెవరిదో అయినది, వాళ్ళ నాన్నది.

మాస్టారు కళ్ళద్దాలు సర్దుకుని గొంతు సవరించుకున్నారు.

అంతే, మార్లిస్ చెయ్యి దానంతటదే సంచిలోకి వెళ్ళింది. బయటికి వచ్చేసరికి అరచేతిలో రెండు బిళ్ళలున్నాయి. అలవాటు. ఒకటి తనకి, ఒకటి ఎడమ పక్కన కూర్చునే పిల్లకి. ఎడమ పక్కన పేరు తెలియని అమ్మాయి ఒకతె ఉంది. మోచేతి మీద గోధుమరంగు చుక్కలు, చేతిలో కొత్త పెన్ను. మార్లిస్ ఒక్క క్షణం తటపటాయించి, బల్ల కిందుగా చెయ్యి చాపింది. ఆ పిల్ల ఎవరిచ్చారని తిరిగి చూడలేదు. చూపు మాస్టారి మీదే ఉంచి, బిళ్ళ అందుకుని నోట్లో వేసుకుంది.

బెరాకాలో ఈ వేళకి ఫెమ్కె కూడా ఏదో బల్ల దగ్గర కూర్చునే ఉంటుంది. దానికి పక్క నుంచి ఎవరైనా చెయ్యి చాపుతారా, లేదా అనుకుంది మార్లిస్.

మాస్టారు సంచి విప్పి బల్ల మీద నల్లమట్టి పోశారు. అంతలో తలుపు తోసుకుని వంటింటి కొత్త పిల్ల కాఫీ తెచ్చింది. వరస వరసా పోసుకుంటూ చివరికొచ్చి, మార్లిస్‌ని చూసి నోరు తెరిచింది. మార్లిస్ తన కప్పు చాపింది. కప్పు నిండింది. పిల్ల వెళ్ళిపోయింది, తలుపు మూసుకుంది. మార్లిస్ పాఠం చివరిదాకా కూర్చుంది.